పదో పూస

నొక్కింది, బొమ్మ కదల్లేదు, మళ్లీ నొక్కాలా వద్దా అని వేలు మీట మీదే ఆగింది, రెండోసారి నొక్కితే ఆ నొక్కు కూడా దారిలో ఎక్కడో మొదటిదాని వెనక నిలబడి ఉంటుందని ఆమెకు తెలుసు, తెలిసినా వేలు ఊరుకోదు, నొక్కింది, అప్పుడు తెరమీది ఆ నలుపూ తెలుపూ వెన్నెముక ఒక్క ఉదుటున కిందికి జారి ఆగింది. ఒళ్లో దిండు, దిండు మీద ల్యాప్‌టాప్, దాని అవతల తొడదాకా కట్టు కట్టిన కుడికాలు ఎవరో మర్చిపోయి వెళ్లిన వస్తువులా మంచం మీద పడి ఉంది. ఈ కిటికీలో కనిపించేదేదీ ఈ ఇంట్లో లేదు. ప్రోగ్రాం నడిచేది నది అవతల, ఆస్పత్రి నేలమాళిగలో, తాళం వేసిన చల్లటి గదిలో, తెర కూడా లేని ఒక నల్లపెట్టెలో. లెక్కలన్నీ అదే వేస్తుంది, దాని కిటికీ మాత్రం ఊరు దాటి, వీధి దాటి, మూడంతస్తులు ఎక్కి ఈమె ముందు తెరుచుకుంటుంది. ఈమె నొక్కు అంతదూరమూ వెళ్లాలి, అక్కడ పని జరగాలి, జరిగినట్టు బొమ్మ మళ్లీ అంతదూరమూ రావాలి. మామూలు రోజుల్లో ఇదంతా రెప్పపాటు పని. ఈ పొద్దున మాత్రం ప్రతి నొక్కూ బరువు మోస్తూ నడిచి వెళ్లి, అక్కడ కాస్త కూర్చుని, తీరిగ్గా వస్తోంది. పక్కగదిలో అత్తయ్య ఫోన్లో సీరియల్లో ఎవరో ఎవరినో చెంపదెబ్బ కొట్టారు, ఆ దెబ్బకు మూడుసార్లు సంగీతం మోగింది, ఆ మోత కూడా ఇదే తీగమీద వస్తోంది కదా అని ఆమెకు అప్పుడు తట్టింది.

"అత్తయ్యా, కాసేపు అది ఆపరూ!"

"ఆపేశానమ్మాయ్, ఆపేశా. చచ్చినదాన్ని ఎలాగూ రేపు బతికిస్తార్లే," అంది అత్తయ్య గోడ అవతల నుంచి.

చెవిలో ఆస్పత్రి ఉంది. ఇయర్‌ఫోన్లోంచి చక్రాల బల్ల కిరకిరలూ, ఎవరివో చెప్పుల చప్పుళ్లూ, యంత్రం గది తలుపు బరువుగా మూసుకునే శబ్దమూ, వీటన్నిటి మధ్యా నిదానం గొంతు. అతను యంత్రం నడిపే టెక్నీషియన్, పేషెంటును బల్లమీద పడుకోబెట్టేటప్పుడు, మందీ మార్బలం తొందరపడుతున్నప్పుడు, ఆఖరికి మంటలు ఆర్పే గంట మోగిన రోజున కూడా "నిదానం, నిదానం" అన్నవాడు, అందుకని ఆ పేరే ఖాయమైపోయింది. మెట్లమీద ఆరోజు తనకూ ఎవరైనా ఆ మాట చెప్పి ఉంటే బాగుండేది, తడిగుడ్డ పెట్టిన మెట్టు అది, చేతిలో సంచీ, చెవిలో ఫోను, కాలు జారడం గుర్తులేదు, పడ్డాక పైకప్పు మీద బల్లి తనవంక చూడటం మాత్రం గుర్తుంది, ఆ తరవాత కట్టు, లిఫ్టులేని ఇల్లు, కుర్చీలో మోసుకొచ్చిన ఇద్దరూ ఆయాసపడుతూ "మళ్లీ కట్టు విప్పే రోజునే పిలవండి మేడం" అని నవ్వడం. క్యాన్సర్ గడ్డలకు పోసే కిరణాల లెక్క వేసే ఫిజిసిస్టులు ఆ ఆస్పత్రికి ఇద్దరుండేవాళ్లు. ఒకాయన ఇంకో పెద్ద ఆస్పత్రికి వెళ్లిపోయాడు, రెండోది ఈమె, కాబట్టి ఇప్పుడు ఆ ఆస్పత్రి కిరణాల లెక్కంతా ఈ మంచం మీద, ఈ దిండు మీద ఉంది.

"మేడం, ఆయన్ని బల్లమీద పడుకోబెట్టేశాం. బోర్లా పడుకోలేకపోయాడు, వెల్లకిలానే ఉంచాం. నొప్పి బాగా ఉన్నట్టుంది, పైకి చెప్పట్లేదు."

"కాళ్లు?"

"పొద్దున గిల్లితే తెలుస్తోందన్నాడు. ఇందాక గిల్లితే, గిల్లావా అని అడిగాడు."

నిన్న సాయంత్రం దాకా నడిచిన మనిషి. వెన్నులో పెరిగిన గడ్డ లోపలి నరాల తాడును నొక్కేస్తోంది, గుండె మత్తుకు తట్టుకోదని ఆపరేషన్ చేసేవాళ్లు చేతులెత్తేశారు, ఇక మిగిలింది కిరణాలే, అవీ ఇవాళే, ఈ పూటే, ఎందుకంటే ఆ తాడు ఒకసారి పూర్తిగా చచ్చిందంటే ఆ తరవాత ఎన్ని కిరణాలు పోసినా ప్రాణం నిలుస్తుందేమో గాని కాళ్లు రావు. పదో పూస, అని చెప్పింది పెద్దడాక్టరు పొద్దునే ఫోన్లో, పదో పూస మీద పెట్టు, పైనొకటి కిందొకటి కలుపుకో, ఎంతసేపట్లో ఇస్తావు. గంటలో ఇస్తానంది ఈమె. ఆ గంట ఇప్పుడు జారిపోతోంది, నీళ్లు జారినట్టు కాదు, నీళ్లు జారితే కనీసం కనిపిస్తాయి.

మెడ దగ్గర నుంచి స్కాన్‌లో ఒక్కో పొరా దిగుతూ, ఒక్కో పూసా లెక్కపెట్టుకుంటూ రావాలి, నొక్కు, ఆగు, నొక్కు, ఆగు. ఆరు. ఏడు. బొమ్మ బిగుసుకుపోయింది. నొక్కు. రాదు. నొక్కు. మనిషి నిద్రలో ఉన్నప్పుడు భుజం తట్టినట్టు ఇంకోసారి. ఎనిమిది, తొమ్మిది కలిసే వచ్చాయి. నోట్లో తడి లేదు, మంచం పక్క బల్లమీద గ్లాసు ఉంది, అందుకోవాలంటే నడుము తిప్పాలి, నడుము తిప్పితే ల్యాప్‌టాప్ ఒరుగుతుంది, వద్దు, దాహం ఎక్కడికీ పోదు. "ఎవరయ్యా ఆవిడ, ఎక్కడున్నారు?" అని చెవిలో కొత్త గొంతు, దూరం నుంచి, బల్లమీద పడుకున్న మనిషిది. "ఇంట్లో ఉన్నారండీ, కాలు విరిగింది," అన్నాడు నిదానం. "ఇంట్లో కూచుని నా నడుముకు గురిపెడుతోందా! ఘనురాలే," అంది ఆ గొంతు, నవ్వబోయి దగ్గింది, ఆ దగ్గులో నవ్వు ఎంతో నొప్పి ఎంతో తెలియలేదు. ఆ గొంతు ఎక్కడో విన్నాననుకుంది. "ఎవరాయన?" అని అడిగింది నిదానాన్ని మెల్లగా, కిటికీ పైన పేరు ఉంది, కానీ ఆ పేరు ఆమెకేమీ చెప్పలేదు. "ఈత నేర్పే ఆయన మేడం, పాత ఈతకొలను దగ్గర. చేపమాస్టారంటారు చూడండి, ఊళ్లో సగంమంది ఆయన దగ్గరే నేర్చుకున్నారు."

ఆమె నేర్చుకోలేదు. అక్క నేర్చుకుంది. నీలం పలకల గోడ, ముక్కుపుటాలు మండించే మందు వాసన, నీళ్లలో పొడవు తగ్గిపోయి వంకరగా కనిపించే తన కాళ్లు, పొట్టకింద ఒక పెద్ద అరచెయ్యి, "పట్టుకునే ఉన్నా, కాళ్లాడించు, పట్టుకునే ఉన్నా" అనే గొంతు, కాళ్లాడించింది, ఆడించింది, పట్టుకునే ఉన్నా అన్న మాట ఉన్నట్టుండి అవతలి గట్టుమీంచి వినిపించింది, తలెత్తి చూస్తే ఆయన అక్కడ, మరి పొట్టకింద ఏముంది, ఏమీ లేదు, ఏమీ లేదని తెలిసిన క్షణమే మునిగింది. గుక్కెడు నీళ్లు మింగి, ఏడ్చి, ఇంటికొచ్చి, ఇక రానంది, వెళ్లలేదు. నువ్వు అప్పటికే ఈదేస్తున్నావే పిచ్చిదానా అని అక్క ఇప్పటికీ అంటుంది. కావచ్చు. ఆయనకు గుర్తుండదు, ఎన్నివేల పొట్టలు మోసి ఉంటుందో ఆ చెయ్యి. ఇప్పుడా మనిషి గట్టిబల్ల మీద వెల్లకిలా, కాళ్లు ఉన్నాయో లేవో తెలియకుండా, ఎవరి చేతిమీద తేలుతున్నాడో తెలియకుండా. నొక్కు. పది. పదో పూస బొమ్మ తెరమీదికి వచ్చింది, అంచులు మసగ్గా, పక్కన సీతాకోకచిలక రెక్కల్లా ఎముకలు, ఒక రెక్క ఉండాల్సినచోట తినేసినట్టు ఖాళీ, అదే గడ్డ, అవునా, అలాగే ఉంది, మసక, అయినా అదే. గుర్తు పెట్టింది. ఎర్రటి చిన్న కూడలి గుర్తు, కిరణాలన్నీ కలిసే కేంద్రం. ఎంతకీ రాలేదు, వచ్చింది. దాచమని నొక్కింది, లెక్క వెయ్యమని నొక్కింది. అక్కడెక్కడో ఆ నల్లపెట్టె లెక్కలో పడింది.

"అయిందా?" పెద్దడాక్టరు. ఆవిడ గొంతులో ఎప్పుడూ ఒక గంట మోగుతున్నట్టే ఉంటుంది, క్యాన్సర్ వార్డంతా ఆ గంటకే లేస్తుంది, పడుకుంటుంది.

"లెక్క నడుస్తోంది మేడం."

"రాగానే యంత్రానికి పంపించెయ్. నేనిక్కడే నిలబడ్డాను."

రంగులు వచ్చాయి. ఎరుపు, దానిచుట్టూ పసుపు, దానిచుట్టూ ఆకుపచ్చ, పూస మీద గొడుగు పట్టినట్టు అందంగా, చేతిమీద గోరింట పండినట్టు. పంపించు అనే మీట మీదికి కర్సర్ జరిపింది, అది జరగడానికి పట్టినంతసేపు చెయ్యి మీటమీంచి తీసి నుదురు తుడుచుకుంది, అప్పుడు, చెయ్యి ఎక్కడా ఆనకుండా గాల్లో ఉండగా, బొమ్మ తనంతట తనే ఒక పొర కిందికి జారింది. ఇంకో పొర. ఆగింది. అవి తను ఎప్పుడో నొక్కిన నొక్కులు. ఎప్పుడివి? గుర్తు పెట్టకముందువా, తరవాతివా? తను చూస్తున్నప్పుడు కిటికీలో ఉన్నది అక్కడ ఉన్నదేనా, లేక అక్కడ అప్పటికే దాటిపోయినదా?

పెళ్లైన కొత్తలో భర్త ఓడమీద ఉండేవాడు, ఇప్పుడూ ఓడమీదే, ఏ నీళ్లమీద ఉన్నాడో ఇవాళ, అప్పట్లో ఫోను మాట ఆలస్యంగా చేరేది, ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఆగిపోయేవాళ్లు, నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు. ఒకరోజు అడిగాడు, ఇక్కడ మంచి కంబళ్లు దొరుకుతున్నాయి కొననా అని. వద్దు, ఇప్పుడేం అవసరం, అందామె. ఆ మాట అక్కడికి చేరేలోగా అతను ఇంకో ప్రశ్న అడిగేశాడు, సెలవు దొరికేట్టుంది, వచ్చెయ్యనా అని. దానికి జవాబుగా అతనికి అందింది ఈ వద్దు, ఇప్పుడేం అవసరం. రాలేదు. ఫోనూ చెయ్యలేదు. ఎందుకు అలిగాడో తెలియక ఈమె అలిగింది. నెలలు పట్టింది, ఆ వద్దు కంబళికి చెప్పినదని తేలడానికి, తేలాక నవ్వుకున్నారు, నవ్వుకుంటూనే ఇద్దరికీ కళ్లు తడిశాయి. ఆమె వద్దు తప్పు కాదు, అతని ప్రశ్నా తప్పు కాదు, ఒకటి వెళ్లి ఇంకోదానిమీద కూచుంది. ఈ ఎర్రగుర్తు కూడా, తను చూసిన పదో పూసకు పెట్టిన గుర్తు కూడా, అక్కడికి చేరేసరికి అక్కడ ఏ పూస ఉంది? రంగులు ఎక్కడైనా ఇంత అందంగానే వస్తాయి. మంచి ఎముక మీదైనా ఇలాగే గొడుగు పడుతుంది.

"మేడం, పంపట్లేదు," అంది.

"ఏమిటీ?"

"లైను బాగాలేదు. గుర్తు వేరే పూసమీద పడిందేమోనని అనుమానంగా ఉంది. మళ్లీ చూడాలి."

"అనుమానమా? పడిందా, పడలేదా?"

"తెలియదు మేడం. తెలియట్లేదు కాబట్టే."

అవతల చక్రాల చప్పుడు, ఎవరో దగ్గడం, ఆయనే. "ఆ మనిషి కాళ్లు నా కళ్లముందు పోతున్నాయమ్మా," అంది పెద్దడాక్టరు, ఈసారి గంట లేదు గొంతులో, అదే ఎక్కువ భయపెట్టింది. "నువ్వు ఇంట్లో ఉన్నావు, నీకు కనపడట్లేదు. నేనిక్కడ చూస్తున్నాను."

"ఎవరైనా అక్కడ ఆ ప్రోగ్రాం తెరిచి చూడగలిగితే..." అని మొదలుపెట్టి తనే ఆపేసింది, ఆ నల్లపెట్టెకు తెర లేదు, తెరిచి చూడటం తెలిసినవాళ్లు లేరు, ప్రపంచంలో ఈ పూట ఈ కిటికీ ఉన్నది ఈ ఒక్క దిండు మీదే. పాత పొరకు వెనక్కి వెళ్లాలని మీట నొక్కింది. రాలేదు. నొక్కకూడదు, ఆగాలి, ఆగింది, ఊపిరి కూడా బిగబట్టి ఆగింది, అప్పుడు కిటికీ ఒక్కసారి వణికి, మూసుకుపోయింది. మిగిలింది నీలంరంగు తెరా, దానిమీద పెళ్లిరోజు ఫోటో, ఫోటోలో అతనూ తనూ ఎవరినో చూసి నవ్వుతున్నారు. లైను తెగింది. లైను తెగితే కిటికీ ఒక్కటే పోదు, ఆ కిటికీని నమ్ముకుని అక్కడ నడుస్తున్న ప్రోగ్రాం కూడా ప్రాణం వదిలేస్తుంది. చెవిలో ఆస్పత్రి మాత్రం అలాగే ఉంది, అది వేరే దారిన వస్తోంది కాబట్టి, "మేడం? మేడం?" అంటోంది నిదానం గొంతుతో.

"అత్తయ్యా!" అని ఎంత గట్టిగా అరిచిందో, అత్తయ్య చేతిలో గరిటెతోనే పరుగున వచ్చింది. ఏమని చెప్పాలి, ఈ బిల్డింగంతటికీ ఒకటే లైను, ఎవరెవరో ఏవేవో చూస్తున్నారు, అందుకే ఇది ఇరుకైపోయింది, ఒకాయన అక్కడ బల్లమీద ఉన్నాడు, కాళ్లు పోతాయి. ముక్కముక్కలుగా చెప్పింది. అత్తయ్య మధ్యలో ఒక్క ప్రశ్న అడగలేదు, అదే విచిత్రం, పాలు పొంగితే కూడా పది ప్రశ్నలడిగే మనిషి. గరిటె మంచం మీద పెట్టి వెళ్లిపోయింది. వీధి తలుపు తెరిచే ఉంది, మెట్ల దగ్గర మాటలు అంతా వినిపిస్తున్నాయి, మొదట ఎదురింటి గంట, తరవాత కిందింటి గంట, "టీవీ ఆపండి, ఫోన్లాపండి, ఆ అబ్బాయి ఆట ఆపమనండి, మా కోడలు ఒకాయనకు కాళ్లు తెప్పిస్తోంది", "ఏ కోడలండీ, కాలు విరిగిన అమ్మాయా", "ఆఁ, ఆ అమ్మాయే, మీ మీటింగు తరవాత పెట్టుకోవచ్చు బాబూ, ఆయన నడుము తరవాత పెట్టుకోడానికి లేదు". మోకాళ్లు నొప్పులని రోజూ నూనె రాసుకునే మనిషి అంతస్తు తరవాత అంతస్తు దిగుతోంది, ఒక్కో తలుపూ తడుతూ గొంతు పెంచుతోంది, ఒక్కో ఇంట్లో ఒక్కో చప్పుడు ఆగిపోతోంది. తను ఎన్నేళ్లుగా ఈ పని చేస్తోందో, ఏం చేస్తావమ్మాయ్ నువ్వక్కడ అని అత్తయ్య ఎప్పుడు అడిగినా కంప్యూటర్లో లెక్కలండీ అని ఊరుకుందో, ఇప్పుడు గుర్తొచ్చి సిగ్గనిపించింది, సిగ్గుకు కూడా తీరిక లేదు, లైను కలిపి మళ్లీ మొదలుపెట్టిన ప్రోగ్రాం కిటికీ తెరుచుకుంటోంది.

మెల్లగా, పైనుంచి కిందికి తెర జారవిడుస్తున్నట్టు, ముందు పేరు, తరవాత చట్రం, తరవాత వెన్నెముక మొత్తం నిలువుగా. చేతులు రెండూ గాల్లోకి ఎత్తి పట్టుకుంది, ఏదీ ముట్టుకోకుండా, బొమ్మ పూర్తిగా నిలిచేదాకా. నిలిచింది. ఇప్పుడు అంచులు పదునుగా ఉన్నాయి. ఇందాక దాచిన ఎర్రగుర్తు కనిపించింది. దానిచుట్టూ పూస ఎలాంటి లోపమూ లేకుండా, రెండు రెక్కలూ చెక్కుచెదరకుండా, ఆరోగ్యంగా ఉంది. గడ్డ దానికి పైన, చాలా పైన, రంగుల గొడుగు అంచుకు చివర, పచ్చటి చారలో సగం నానుతూ. పంపి ఉంటే. చెయ్యి మీటమీద ఒక్క క్షణం ముందు పడి ఉంటే.

"మేడం, తప్పు పూసమీదే పడింది," అంది ఫోన్లో. "రెండు పూసలు కిందికి. తీసేస్తున్నాను. మళ్లీ పెడతాను."

పెద్దడాక్టరు, "నీకేం కావాలి?" అంది.

"నిదానం కావాలి. ఆయన ఎక్స్‌రే ఫిల్ము పట్టుకుని, నాతో కలిసి లెక్కపెట్టాలి. పైనుంచి కాదు. నేను పైనుంచి వచ్చే తప్పిపోయాను. ఈసారి కింది నుంచి."

ఫిల్ము చప్పుడు, దాన్ని ఆనించి చూసే దీపంపెట్టె మీట చప్పుడు. "చెప్పండి మేడం."

"చివరి పక్కటెముక తగిలిన పూస దొరికిందా?"

"నిదానం... ఆఁ, దొరికింది. చిన్న పక్కటెముక, పొట్టిగా."

"అది పన్నెండు." ఒక్కసారి నొక్కింది. చెయ్యి తీసేసింది. ఆగింది. బొమ్మ వచ్చింది. వచ్చాక కూడా ఆగింది, ఇంకేమన్నా వెనకాల వస్తోందేమోనని. రాలేదు. "పైది?"

"పదకొండు. బాగానే ఉంది, రెండు వైపులా."

"నాక్కూడా." నొక్కింది. ఆగింది. కింద మెట్ల దగ్గర అత్తయ్య ఇంకా ఎవరితోనో వాదిస్తోంది. ఆగడం ఇంత కష్టమని ఎవరు నేర్పారు తనకు, చదివిన చదువులో ఎక్కడా లేదు, వేగంగా చెయ్యడమే నేర్పారు, వేగంగా, తప్పు లేకుండా. "పది?"

"ఎడమవైపు పోయింది మేడం. తినేసినట్టుంది."

తన కిటికీలో కూడా. ఎడమరెక్క లేదు. గుర్తు పెట్టింది. గుర్తు వచ్చేదాకా ఆగింది. వచ్చిన గుర్తు ఏ పూసమీద ఉందో పొర సంఖ్య పైకి చదివింది, దాచింది, కిటికీ తనే మూసేసింది, మూసి, మళ్లీ తెరిచింది. నీకేమైనా పిచ్చా అని తనలో ఒకతె అరిచింది, ఆ మనిషి అక్కడ ఎదురుచూస్తుంటే అని, అరవనీ. తెరుచుకున్నాక గుర్తు అక్కడే ఉంది. పదిమీద. రంగులు మళ్లీ వచ్చాయి, ఈసారి అందంగా ఉన్నాయో లేదో చూడలేదు, గడ్డ మునిగిందా అని చూసింది. మునిగింది. "పంపుతున్నాను," అంది, పంపింది.

తరవాత చేసేదేమీ లేదు, అదే అన్నిటికంటే కష్టం. కేంద్రం సరిపోయిందా అని బల్లమీదే ఒక ఫోటో తీసి నిదానం, పెద్దడాక్టరు ఇద్దరూ చూశారు, పది, అంది ఆవిడ, పదే, అన్నాడు అతను. గది తలుపు మూసుకుంది, ఆయన ఒక్కడే లోపల. యంత్రం రొద ఇయర్‌ఫోన్లో సన్నగా, తుమ్మెద గదిలో చిక్కుకున్నట్టు. ఆమె కళ్లు మూసుకుని ఆ రొదను విన్నది. అది ఆగాక తలుపు తెరుచుకునే శబ్దం, పెద్దడాక్టరు గొంతు, "రేపు కూడా ఇదే సమయానికి. ఇవాళ నువ్వు ఆగమన్నప్పుడు నాకు కోపం వచ్చింది," అని, "నాకు రావాల్సిందే, నువ్వు ఆగాల్సిందేనేమో," అని వెళ్లిపోయింది. "అమ్మా, అయిపోయిందా?" అని ఆయన అడుగుతున్నాడు దూరం నుంచి, నిదానం ఫోను స్పీకరులో పెట్టాడు. "అయిందండీ." "కాళ్లు ఇంకా తెలియట్లేదు." "ఇవాళే తెలియవు మాస్టారూ," అంది. మాస్టారూ అన్నదాన్ని ఆయన పట్టించుకోలేదు, అందరూ అలాగే పిలుస్తారు కదా. తన పేరు చెబుదామనుకుంది, చెప్పలేదు. గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది, రొప్పుతూ, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని. "ఏమైంది?" అంది. ఆమె మొదటిసారి అన్నీ చెప్పింది, పూస, గడ్డ, నల్లపెట్టె, ఎర్రగుర్తు, అంతా, అత్తయ్య మంచం పక్కన కూలబడి గ్లాసులో నీళ్లు తనే తాగేస్తూ వింది.

ఆ వారం గడిచాక కుడికాలి వేళ్లు కదిలాయని నిదానం చెప్పాడు. తరవాత మోకాలు. ఎడమకాలు సగమే వచ్చింది, ఆ సగం కూడా చలికాలంలో మొరాయిస్తుందని, చేతికర్ర ఇక తప్పదని చెప్పారు. కట్టు విప్పి, ఈమె మళ్లీ ఆస్పత్రికి వెళ్లడం మొదలుపెట్టిన చాలా రోజులకు ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది, తెలియని నంబరు. "అమ్మా, గురిపెట్టినావిడేనా?" అంది ఆ గొంతు. అవునంది. ఎలా ఉన్నారని అడిగింది. "ఎడమది పూర్తిగా రాలేదమ్మా. గట్టుమీద కుంటుతాను. ఫర్వాలేదు, నీళ్లలో దిగాక ఎవరికి తెలుస్తుంది." మళ్లీ ఎప్పుడు దిగుతారని అడిగింది ఆమె. ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. లైను తెగిందేమో అనుకుంది, ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. అప్పుడు వినిపించింది, ఎత్తైన పైకప్పు కింద మోగే పిల్లల కేకలు, ఈల చప్పుడు, వాటికి బాగా దగ్గరగా, ఫోనును కిందికి దించి పట్టుకున్నట్టు, ఒక మనిషి ఛాతీకి నీళ్లు తగులుతున్న చప్పుడు.